ట్రంకు పెట్టెలో కాగితాలు

ఇలా మంటకి దగ్గరగా జరగండర్రా. పుష్యమాసంలో కంసావతి మీంచి వచ్చే గాలి ఎముకల్లోకి దిగిపోతుంది. పాత ముచ్చట్లు చెప్పమన్నారు కదా, నాకు ముందుగా గుర్తొచ్చేవి కాగితాలే. వర్క్‌షాపు టైం ఆఫీసులో గుమాస్తాగా చేసినన్నాళ్ళూ, సాయంత్రం కూత కూసి మనుషులు ఇళ్ళకి చేరాక, మా క్వార్టరు అరుగు మీద ఎవరో ఒకరు కాగితం పట్టుకుని కూర్చునేవారు. ఇంగ్లీషులో నోటీసు వచ్చింది చదవమని ఒకరు, బెంగాలీలో దస్తావేజు రాయించారు అందులో ఏముందో చెప్పమని ఒకరు, పోయినాయన పీఎఫ్‌కి అర్జీ రాసిపెట్టమని ఒకరు. నేను ప్లీడరుని కాను. కానీ మనవాళ్ళకి మేదినీపూర్ కోర్టు మెట్లెక్కే ముందు ధైర్యంగా తొక్కగలిగే గడప ఒకటి కావాల్సి వచ్చేది. ఆ రోజుల్లో అలాంటి గడపల్లో మాదొకటి.

మనం ఈ ఖరగ్‌పూర్‌కి ఎలా వచ్చామో తెలిస్తేనే ఈ కాగితాల సంగతి అర్థమవుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. 1900 దాటి కొన్నేళ్ళు గడిచేసరికి ఇక్కడ జంక్షనూ, దాని పక్కన అంత పెద్ద వర్క్‌షాపూ లేచాయి. కలకత్తా నుంచి మద్రాసు పోయే లైను మన గంజాం, విశాఖపట్నం జిల్లాల గుండానే పోయింది. వానలు ముఖం చాటేసినప్పుడల్లా బొబ్బిలి, పార్వతీపురం, పలాస, శ్రీకాకుళం వైపు పల్లెల్లోని మగవాళ్ళు ఆ లైను పట్టుకునే ఇటు వచ్చేశారు. ఖలాసీలుగా, గ్యాంగుమెన్లుగా చేరారు. ఉండడానికి కంపెనీ క్వార్టరు, నీళ్ళకి కంపెనీ కుళాయి, జబ్బొస్తే కంపెనీ ఆస్పత్రి, ఊరికెళ్ళాలంటే కంపెనీ పాసు. తమదంటూ ఉన్నది మంచం కింద ఒక ఇనప ట్రంకు పెట్టె. 1944లో కంపెనీ పోయి సర్కారు వచ్చింది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. పేర్లు మారాయి గానీ పద్ధతి మారలేదు. నౌకరీ ఉన్నన్నాళ్ళూ అన్నీ ఉంటాయి. మనిషి రిటైరైనా, కన్ను మూసినా, అన్నీ ఒక్కసారే వెనక్కి అడుగుతారు. అప్పుడు ఆ ఇంటి తరఫున మాట్లాడేది కాగితమొక్కటే.

చట్టం అంటే దొరలదీ, పోలీసులదీ అనుకునే రోజుల్లో అది కూలివాడికి కూడా అక్కరకొస్తుందని ఈ ఊరు చూసింది వి.వి.గిరి గారి కాలంలో. ఆయనది బరంపురం. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివొచ్చిన మనిషి. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. ఆ వెంటనే, 1927-28లో, రైల్వేవాళ్ళు మనుషుల్ని తీసేయబోతే ఇక్కడ పెద్ద సమ్మె నడిచింది. దాన్ని ముందుండి నడిపించినవాళ్ళలో గిరి గారు ఒకరు. మా నాన్న అప్పటికి కొత్తగా చేరిన ఖలాసీ. తలుపులు మూసేసిన వర్క్‌షాపు ముందు, జీతం లేకుండా, ఊరి నుంచి తెచ్చుకున్న చోడిపిండితో అంబలి కాచుకుని రోజులు వెళ్ళదీసిన సంగతి ఆయన చెబుతుంటే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. ఆ గిరి గారే 1969లో రాష్ట్రపతి అయినప్పుడు మథురాకాటిలో, నింపురాలో మనవాళ్ళ ఇళ్ళల్లో అదొక పండగ.

సరే, అసలు సంగతికి వస్తాను. అమ్మలూ, నువ్వు నిన్న అన్నావు చూడు, మీ ఆయన పీఎఫ్ కాగితంలో ఎవరి పేరు రాశాడో నీకు తెలీదని. ఆ మాట విన్నప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. ఎందుకో చెబుతాను.

మా వరసలోనే ఒక ఫిట్టరు ఉండేవాడు. నెమ్మదస్తుడు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గుండె పట్టుకుని కూలబడిపోయాడు. పదోరోజు దాటాక అతని భార్య ట్రంకు పెట్టె మా అరుగు మీదకి తెప్పించింది. మూత తీస్తే పైన పెళ్ళినాటి చీర, దాని కింద రేషన్ కార్డు, జీతం చీటీల కట్ట, ఆస్పత్రి చీటీలు, పిల్లల మార్కుల కాగితాలు, అన్నిటికీ అడుగున గుడ్డలో చుట్టిన ఇత్తడి బిళ్ళ. వర్క్‌షాపులో ప్రతివాడికీ టికెట్టు నంబరు వేసిన బిళ్ళ ఉండేది కదా, అది. మొగుడి టికెట్టు నంబరు ఆవిడకి నోటికొచ్చు. ఆ నంబరు చెబుతూనే ఏడ్చింది. కానీ ఆయన పీఎఫ్‌కి నామినీగా ఎవరిని పెట్టాడో ఆవిడకి తెలీదు. ఫైలు తీయించి చూస్తే, నౌకరీలో చేరిన ఏడాది, పెళ్ళి కాకముందు, అన్నగారి పేరు రాసి ఉంది. ఆ తరవాత పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు. ఆ ఫారం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

పెళ్ళి కాకముందు రాసిన పేరు సంసారం ఏర్పడ్డాక చెల్లదని రూలు ఉంది. ఉండి ఏం లాభం? బొబ్బిలి దగ్గర పల్లెలో ఉన్న అన్నగారు తన పేరుంది కాబట్టి డబ్బు తనదే అని కూర్చున్నాడు. నెలల తరబడి ఉత్తరాలు, పెద్దమనుషులు, అఫిడవిట్లు. ఆవిడ ఆ నెలల్లో చెవుల్లోవి, ముక్కులోవి అమ్ముకుని పిల్లలకి అన్నం పెట్టింది. చివరికి అన్నగారు ఒప్పుకుని సంతకం పెట్టాడు, డబ్బు వచ్చింది. అయిదు నిమిషాలు కూర్చుని కొత్త ఫారం నింపి ఉంటే ఆ ఆడకూతురికి ఆ నెలలు లేకపోయేవి.

ఇందులో ఇంకో మెలిక ఉంది, చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా పొరబడతారు. బ్యాంకులో నామినీ అంటే ఆ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, ఆ డబ్బుకి హక్కుదారు కాదు. అందుకున్నాక వారసులందరికీ వాటా ఉంటుంది. అందుకని నామినీగా పెద్ద కొడుకు పేరు ఉందని మిగిలినవాళ్ళు నోరు మూసుకోనక్కర్లేదు, పెద్ద కొడుకూ తనదే అనుకోకూడదు.

ఫ్యామిలీ పెన్షను సంగతి వేరు. అది పోయినాయన ఆస్తి కాదు, వీలునామాలో ఇంకొకరికి రాయడానికి వీల్లేదు. రైల్వే రక్షణ దళంలో చేసిన ఒకాయన ఆస్తి తమ్ముడికో అన్నకో రాసి చనిపోతే, ఆ కాగితం పట్టుకుని వాళ్ళు భార్య పెన్షనుకి అడ్డం వచ్చారు. వయొలెట్ ఇసాక్ కేసు అంటారు దాన్ని. 1991లో సుప్రీం కోర్టు తేల్చేసింది, ఫ్యామిలీ పెన్షను రూలు ప్రకారం భార్యకీ పిల్లలకీ పోయేదే తప్ప, చనిపోయిన మనిషి పంచిపెట్టే సొత్తు కాదని. ఆ తీర్పు వచ్చాక ఎంతమంది రైల్వే ఇల్లాళ్ళు తెరిపిన పడ్డారో.

ఇంకో మాట ఉంది, చెప్పడం కష్టమే గానీ దాచకూడదు. ఊళ్ళో ఒక భార్య, ఇక్కడ ఇంకొక ఆవిడ, ఇలా రెండు సంసారాలు నడిపినవాళ్ళు మనలో ఉన్నారు. 1955 హిందూ వివాహ చట్టం వచ్చాక, మొదటి భార్య బతికుండి విడాకులు లేకుండా చేసుకున్న రెండో పెళ్ళి పెళ్ళి కిందకి రాదు. ఇరవై ఏళ్ళు వండిపెట్టి, ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్న ఆడది కూడా పెన్షను కిటికీ దగ్గర ఎవరూ కానిదైపోతుంది. పిల్లలకి మాత్రం ఆ చట్టమే రక్షణ ఇచ్చింది, తండ్రి ఆస్తిలో వాళ్ళకి హక్కు ఉంది. నా అరుగు మీద కూర్చున్నవాళ్ళలో అందరికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అలాంటి ఆడవాళ్ళే. మగపిల్లలు ఈ మాట చెవిన పెట్టుకోవాలి.

క్వార్టరు గురించి కూడా ఒక ముక్క. రిటైరయ్యాక మామూలు అద్దెతో నాలుగు నెలలు ఉండనిస్తారు, పిల్లల చదువో జబ్బో ఉంటే అర్జీ పెట్టుకున్న మీదట ఎక్కువ అద్దెతో ఇంకో నాలుగు నెలలు. ఆ తరవాత ఉంటే దండగ అద్దె పడుతుంది. క్వార్టరు తాళం చెవి అప్పగించేదాకా గ్రాట్యుటీ ఆపుతారు. కొందరు "ఏం చేస్తార్లే" అని ఏళ్ళు ఉండిపోయి, చివరికి గ్రాట్యుటీలో సగానికి సగం ఆ దండగకే వదులుకున్నారు. ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టేది రిటైరయ్యాక కాదు, దానికి ముందే.

ఇక జాగాల సంగతి. ఒరే చిన్నోడా, నువ్వు నింపురా అవతల మూడు కాఠాలు చూశానన్నావు కదా, జాగ్రత్తగా విను.

కాఠా అంటే 720 చదరపడుగులు, అది నీకు తెలుసు. ఆ జాగా అమ్మేవాడు ఎవరు, వాడికి అది ఎలా వచ్చింది, అది నువ్వు కనుక్కున్నావా? ఈ ఊరి చుట్టూ సంతాలులు, లోధాలు, ముండాలు మనకంటే ఎన్నో తరాల ముందు నుంచీ ఉన్నారు. ఈ ఎర్రమట్టి వాళ్ళది. 1955లో వచ్చిన పశ్చిమ బెంగాల్ భూసంస్కరణల చట్టం ప్రకారం ఆదివాసీ భూమిని, రెవెన్యూ అధికారి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా, ఆదివాసీ కానివాడు కొంటే ఆ అమ్మకం చెల్లదు. విచారణ చేసి భూమి తిరిగి ఇప్పించే అధికారం సర్కారుకి ఉంది. నా ఎరికలో ఒక బాయిలర్ మేకరు, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా పోసి, దళారి మాట నమ్మి, అలాంటి జాగాలో ఇటుకలు దింపాడు. అమ్మిన ముసలాయన వేలిముద్ర వేసింది ఖాళీ స్టాంపు కాగితం మీద. ఆ ముసలాయనకి అందింది కొంచెమే, మిగిలింది దళారి తిన్నాడు. బాయిలర్ మేకరుకి ఇల్లూ రాలేదు, డబ్బూ రాలేదు. అతని మీద నాకు జాలి ఉంది. కానీ ఆ చట్టం ఉండాల్సిందే అంటాను. మన పల్లెల్లో షావుకార్లు మన తాతల పొలాలు ఎలా రాయించుకున్నారో మనకి తెలుసు కదా. మనం ఇంకొకడి దగ్గర ఆ పని చెయ్యకూడదు.

కాబట్టి బాయనా, అదే అడ్వాన్సు, ఇచ్చే ముందు నువ్వు చెయ్యాల్సింది ఇది. జాగా ఏ మౌజాలో, అంటే ఏ రెవెన్యూ గ్రామంలో ఉంది, దాగ్ నంబరు, అంటే ఆ ముక్క నంబరు ఏది, ఖతియాన్, అంటే హక్కుల ఖాతా ఎవరి పేరున ఉంది, ఈ మూడూ రాసుకుని భూమి ఆఫీసుకి వెళ్ళి ఆ ఖాతా నకలు, అదే పర్చా, తీయించు. పర్చాలో ఉన్న పేరూ, నీకు అమ్మేవాడి పేరూ ఒకటేనా, కాకపోతే మధ్యలో ఎవరెవరి చేతులు మారింది, ఒక్కొక్క దస్తావేజూ చూడు. పర్చాలో భూమి రకం కూడా రాస్తారు. షాలి అని ఉంటే వరిపొలం, డాంగా అంటే మెట్ట, బాస్తు అంటే ఇల్లు కట్టుకునే జాగా. షాలి మీద ఇల్లు కట్టాలంటే ముందు మార్పిడికి అనుమతి తెచ్చుకోవాలి. అది లేకుండా గోడలు లేపేసి, తరవాత బ్యాంకు అప్పు ఇవ్వలేదని నా దగ్గరికొచ్చి మొత్తుకున్నవాళ్ళు ఎంతమందో.

రిజిస్ట్రీ కాకుండా నోటరీ ముద్ర వేసిన ఒప్పందం చూపించి "ఇదే దస్తావేజు" అంటే నమ్మకు. వంద రూపాయలూ, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి చేతులు మారాలంటే రిజిస్ట్రీ కావాల్సిందే. పవరాఫ్ అటార్నీ కాగితం రాయించుకుని అదే అమ్మకం అనుకునే అలవాటుని 2011లో సుప్రీం కోర్టు గట్టిగా కొట్టేసింది. రాసిన దస్తావేజు నాలుగు నెలల లోపు రిజిస్ట్రీ ఆఫీసులో దాఖలు చెయ్యాలి. అది అయ్యాక పని అయిపోయిందని ఇంటికి రాకూడదు. భూమి ఆఫీసులో నీ పేరు మీదకి మ్యుటేషన్ ఒకటి, మునిసిపాలిటీలో హోల్డింగు పేరు మార్పు ఇంకొకటి, రెండూ చేయించు. మ్యుటేషన్ వల్ల హక్కు పుట్టదు, హక్కు దస్తావేజుతోనే. అయినా పన్ను రసీదు నీ పేరున లేకపోతే రేపు నీ పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

దస్తావేజు రాసే ముహురి చదివి వినిపించిందే నిజం అనుకోవద్దు. దస్తావేజు బెంగాలీలో ఉంటుంది. హద్దులు నాలుగూ, దాగ్ నంబరూ, పేర్ల అక్షరాలూ బెంగాలీ బాగా వచ్చిన ఇంకొకరి చేత చదివించు. మన పేర్ల దగ్గర ఎప్పుడూ చిక్కే. సర్వీసు బుక్కులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఓటరు కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, దస్తావేజులో ఇంటిపేరే లేకుండా రావు అని మాత్రం ఉంటుంది. ముగ్గురూ ఒకే మనిషి అని రుజువు చెయ్యడానికి మేజిస్ట్రేటు దగ్గర అఫిడవిట్. ముందే సరిచూసుకుంటే ఆ అవస్థ తప్పుతుంది.

పాత కాగితమని పారెయ్యకండి. ఒక ఇంట్లో భోగినాడు కోడలు ఇల్లు శుభ్రం చేస్తూ చెదలు పట్టిన కట్ట మంటలో వేసేసింది. అందులో మామగారు జాగా కొన్న దస్తావేజు ఉంది. ఇంటిల్లిపాదీ ఆ పిల్లని తిట్టిపోశారు. నేను వెళ్ళి చెప్పాను, రిజిస్ట్రీ అయిన దస్తావేజుకి నకలు ఆ ఆఫీసు పుస్తకాల్లో ఉంటుంది, నంబరూ సంవత్సరమూ తెలిస్తే ధ్రువపత్రం ఉన్న నకలు ఇస్తారని. మామగారి డైరీలో నంబరు దొరికింది, నకలు వచ్చింది. నంబరు కూడా లేకపోతే సంవత్సరాల వారీగా ఇండెక్సు వెతికించాలి, అది నడుములు విరిగే పని. అందుకని దస్తావేజు నంబరు, సంవత్సరం గోడ క్యాలెండరు వెనకైనా సరే రాసి పెట్టుకోండి.

ఇల్లు కట్టినాయన వీలునామా లేకుండా పోతే ఎవరికి ఎంత? ఈ ఒక్క ప్రశ్న మీద ఈ ఊళ్ళో అన్నదమ్ములు మాటలు మానేసుకున్న ఇళ్ళు నాకు ఎన్నో తెలుసు. నౌకరీ డబ్బుతో కట్టుకున్న ఇల్లు స్వార్జితం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్ళు, అందరికీ సమాన వాటా. వీళ్ళతో పాటు చనిపోయినాయన తల్లి బతికుంటే ఆవిడకీ ఒక వాటా. ఈ చివరి మాట ఎవరూ తలుచుకోరు. కొడుకు పోయిన దుఃఖంలో మూల కూర్చున్న ముసలమ్మకి ఆ ఇంట్లో ఒక పాలు ఉందని చెప్పేవాడు ఉండడు. నేను చెప్పేవాణ్ణి. కొందరికి నచ్చేది కాదు.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చేది. బెంగాల్లో హిందువులకి దాయభాగం, మనవైపు మితాక్షరం. దాయభాగంలో తండ్రి బతికున్నంతకాలం కొడుక్కి పుట్టుకతో వచ్చే హక్కు లేదు. మితాక్షరంలో తాతల ఆస్తిలో ఉంది. ఇక్కడ మూడు తరాలుగా ఉన్నాం కదా, మనకి ఏది వర్తిస్తుంది? ఒక ఇంట్లో సాలూరు దగ్గర పూర్వుల పొలం ఉంది. తండ్రి దాన్ని అమ్మేస్తానంటే, ఇక్కడే పుట్టి పెరిగిన కొడుకు అడ్డుపడ్డాడు. ఊళ్ళో ఒకాయన, "మీరు బెంగాల్ వాళ్ళు అయిపోయారు, మీ నాన్న ఇష్టం" అన్నాడట. మేదినీపూర్‌లో పెద్ద ప్లీడరు ఒకాయన పుస్తకం తెరిచి చూపించాడు. వలస వెళ్ళిన హిందూ కుటుంబం తన పాత చట్టాన్ని తనతోనే తీసుకెళ్తుంది, దాన్ని వదిలేసుకుందని ఎవరైనా అంటే అన్నవాడే రుజువు చెయ్యాలి. 1868లోనే, బెంగాల్‌కి వలస వచ్చిన ఒక మిథిల కుటుంబం కేసులో, లండన్ ప్రీవీ కౌన్సిల్ ఈ మాట చెప్పింది. మనం పెళ్ళిళ్ళు మన పద్ధతిలో చేస్తున్నాం, మన పురోహితుణ్ణి పిలుస్తున్నాం, సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడుతున్నాం. ఇవన్నీ కోర్టులో సాక్ష్యాలు. అది విన్నరోజు నాకు కళ్ళు చెమర్చాయి. మా అమ్మ పట్టుదలగా నిలబెట్టిన ఆచారాలు కోర్టు పుస్తకంలో కూడా లెక్కకి వస్తాయని నేనెన్నడూ అనుకోలేదు.

ఆ పూర్వుల ఆస్తిలో ఆడపిల్లల సంగతి. ఆంధ్రాలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లకి అన్నదమ్ములతో సమంగా పుట్టుక హక్కు వచ్చింది. దేశమంతటికీ అది 2005 సెప్టెంబరు 9న వచ్చింది, పెళ్ళయినా కాకపోయినా. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగువుని 2020లో సుప్రీం కోర్టు తీర్చేసింది, అక్కర్లేదని. కాబట్టి అప్పచెల్లెళ్ళ చేత పసుపు కుంకుమల కింద చీర పెట్టి హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకోవడం మానండి. ఇష్టంతో ఇస్తే రిజిస్ట్రీ కాగితం రాయించుకోండి. ఇష్టం లేకపోతే వాళ్ళ వాటా వాళ్ళకి పడెయ్యండి.

వీలునామా గురించి ఒక్క ముక్కే. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి, ఇద్దరూ రాసినాయన సంతకం చెయ్యడం కళ్ళారా చూసి ఉండాలి, లేదా ఆ సంతకం తనదేనని ఆయన వాళ్ళకి స్వయంగా చెప్పి ఉండాలి. రిజిస్ట్రీ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. మా రోజుల్లో బెంగాల్లో రాసిన వీలునామాకి కోర్టు ధ్రువీకరణ, అదే ప్రొబేటు, తెచ్చుకుంటే గానీ విలువ ఉండేది కాదు, అదే శ్రీకాకుళంలో రాస్తే ఆ బాధ లేదు. ఇప్పుడు రాసేవాళ్ళు ఈనాటి పద్ధతి ఏమిటో ప్లీడరుని అడిగి రాయండి.

ఇక గోల్ బజార్‌లో నీ కొట్టు సంగతి. బాబూ, ఆ నేల రైల్వేది. నీ దగ్గరున్నది లైసెన్సు. లైసెన్సు అమ్ముకోవడానికి వీల్లేదు, నీకు ముందువాడు స్టాంపు కాగితం రాసి నీకు అమ్మానన్నాడంటే వాడు అమ్మింది గాలి. అయినా నోటీసు వచ్చిందని భయపడి కొట్టు మూసేయకు, ఆ నోటీసుని చించి పారెయ్యకు. 1971 చట్టం ప్రకారం ఎస్టేట్ ఆఫీసరు ముందు నీ మాట వినిపించుకునే హక్కు నీకు ఉంది. నోటీసులో రాసిన తేదీ లోపు జవాబు రాసి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని, వాయిదాకి వెళ్ళు. అద్దె రసీదులన్నీ పట్టుకెళ్ళు. ఖాళీ చెయ్యమని ఆర్డరు వస్తే జిల్లా జడ్జి దగ్గర అప్పీలుకి 12 రోజులే గడువు. పదమూడో రోజు వచ్చి నా అరుగు మీద కూర్చుంటే నేనేం చెయ్యలేను.

ఖరీదాలోనో ఇందాలోనో అద్దె కొట్టు నడిపేవాళ్ళకి ఇంకో చిక్కు. యజమాని ఖాళీ చేయించాలని అద్దె తీసుకోడు, తరవాత అద్దె కట్టలేదని కేసు వేస్తాడు. దీనికి మందు పాతదే. మనియార్డరు పంపాలి, వద్దని తిరిగొస్తే ఆ చీటీ దాచుకుని, రెంట్ కంట్రోలరు దగ్గర గడువు లోపు జమ కట్టాలి. ఈ పద్ధతి 1956 అద్దె చట్టంలోనూ ఉంది, తరవాత వచ్చిన 1997 చట్టంలోనూ ఉంది. తిరిగొచ్చిన ఆ మనియార్డరు చీటీయే ఒక చాకలాయన కొట్టుని నిలబెట్టింది, నేను చూశాను.

అప్పుల మాట చెప్పకుండా ఎలా? మా చిన్నప్పుడు జీతాల రోజున వర్క్‌షాపు గేటు దగ్గర పొడుగు కర్రలు పట్టుకుని కాబూలీవాళ్ళు నిలబడేవారు. జీతం చేతికందకముందే చేతులు మారిపోయేది. బెంగాల్లో 1940లో వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది. హామీ లేని అప్పుకి ఏడాదికి నూటికి పది, తాకట్టు ఉంటే ఎనిమిది, అసలూ వడ్డీ కలిపి ఎంత కట్టినా మొదటి అప్పుకి రెట్టింపు దాటకూడదు. పీఎఫ్ సొమ్మునీ, పెన్షనునీ కోర్టు కూడా జప్తు చెయ్యలేదు. ఇవి తెలియక తెల్లకాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళు జీవితమంతా కట్టారు. కాబూలీవాళ్ళు పోయారు, ఇప్పుడు ఏటీఎం కార్డు తాకట్టు పెట్టుకునేవాళ్ళు వచ్చారు. కార్డు ఇవ్వొద్దు, ఖాళీ చెక్కు మీద సంతకం చెయ్యొద్దు. 2013లో శారద చిట్‌ఫండ్ కంపెనీ మునిగినప్పుడు బెంగాల్లో ఎన్ని ఇళ్ళు గుల్లయ్యాయో చూశారు కదా. ఎక్కువ వడ్డీ ఇస్తానన్నవాడి దగ్గర రిటైర్‌మెంటు డబ్బు పెట్టొద్దు.

"ప్లీడరు ఫీజు ఎక్కడి నుంచి తేవాలి?" అని అడుగుతారు. 1987లో చేసిన చట్టం 1995 నుంచి అమల్లో ఉంది. ఆడవాళ్ళకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ, వికలాంగులకీ, ఫ్యాక్టరీ కార్మికులకీ, ఆదాయం ఎంతన్నది చూడకుండా సర్కారే ప్లీడరుని ఇస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవల ఆఫీసు ఉంటుంది, 15100 కి ఫోను చేసినా దారి చూపిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు, ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. అప్పీలు ఉండదు కాబట్టే సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చదివించుకోవాలి.

ఇక భాష సంగతి. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. మన ఖరగ్‌పూర్ వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నది అది. నాకు చాలా సంతోషమైంది. కానీ మన దస్తావేజులు ఇంకా బెంగాలీలోనే ఉన్నాయి, మన సర్వీసు కాగితాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. కాబట్టి పిల్లల్లో ఒక్కరికైనా బెంగాలీ చదవడం రాయడం బాగా రానివ్వండి. ఇంట్లో తెలుగు ఎలాగూ ఉంటుంది.

నేను అడిగేది మీ అందరినీ ఒక్కటే. మగవాళ్ళు మీ కాగితాలు ఎక్కడున్నాయో, వాటిలో ఎవరి పేరుందో ఇంటి ఆడవాళ్ళకి కూర్చోబెట్టి చెప్పండి. చెప్పకపోతే ఆడవాళ్ళు అడగండి, సిగ్గుపడొద్దు. ఇది చావు కోరడం కాదు. అమ్మలూ, కనుమ దాటగానే మీ ఆయన్ని నామినేషను ఫారం తెమ్మను, ఇద్దరూ కలిసి రండి, నేను రాసిపెడతాను. చిన్నోడా, నువ్వు పర్చా తీయించేదాకా ఆ జాగాకి ఒక్క రూపాయి బాయనా ఇవ్వకు.